రెండో ఎసరు పెట్టరండీ! (పాఠకుల ప్రశ్నలకి పిన్నిగారి జవాబులు)

ప్రశ్న: పిన్నిగారూ, మాది హైదరాబాద్. పోయిన నెల ఏడుగురం ఫ్రెండ్స్ అంతర్వేది వెళ్ళొస్తూ రాజోలు దాటాక ఓ ఇంటి హోటల్ దగ్గర ఆగాం, టైం పావుతక్కువ మూడు. మెనూ అడిగితే నవ్వారు, తర్వాత "అన్నం అయిపోయిందండి" అనేశారు. బయట బోర్డు మీద మాత్రం "భోజనం తయారు" అని ఉంది. అంత దూరం నించి వస్తే ఇదా మర్యాద?

జవాబు: ఆకలి మీదున్నప్పుడు ఆ మాట వింటే మండుతుంది బాబూ, కాదన్ను. కానీ తప్పు మీదే. మా పెద్దమ్మావాళ్ళకి పాలకొల్లులో ఎనిమిది బల్లల మెస్సు ఉండేది, పదో తరగతి సెలవులన్నీ నేను అక్కడ మంచినీళ్ళు పోశాను కాబట్టి వంటింటి వైపు నించి చెప్తున్నా. పొద్దున్నే పెదనాన్న సంచిలో ఏం తెస్తే అదే ఆవేళ్టి మెనూ. రొయ్య బాగుంటే ఇగురు, లేకపోతే లేదంతే, కంద దొరికితే కందా బచ్చలి, పనసకాయ దొరికితే పొట్టు కొట్టించి ఆవ పెట్టిన కూర. పెద్దమ్మకి హాల్లోకి వచ్చి చూసే తీరిక ఎక్కడిది, వంటింటి తలుపు సందులోంచి గుమ్మం ముందున్న చెప్పులు లెక్కపెట్టేది. ఇరవై జతలు దాటాయా, రెండో ఎసరు. ఒంటిగంటన్నరకి చెప్పులు పల్చబడ్డాయా, ఇంక పొయ్యి మీదకి ఏదీ ఎక్కదు, ఆ తర్వాత ఎవరొచ్చినా గిన్నెలో మిగిలిందే, అదీ అయిపోతే మేం తినాల్సిన దాంట్లోంచి తీసి పెట్టాలి. చాలాసార్లు అలాగే పెట్టేసి ఆవిడ గుప్పెడు మజ్జిగన్నంతో సరిపెట్టుకునేది, అది చూసిన దాన్ని కాబట్టి ఇప్పటికీ రెండు దాటాక ఏ ఇంటి హోటల్ గుమ్మమూ ఎక్కను. మీరేమో ఏడుగురు, కేజీ బియ్యం మాట! బోర్డు అంటారా, అది పొద్దున్న పెడతారు, తియ్యడం ఎవరికీ గుర్తుండదు.

కాకినాడ సుబ్బయ్యగారి హోటల్ లాంటివి పెద్దవైపోయి వేరే ఊళ్ళల్లో కూడా పెట్టారు, బుట్టభోజనం కట్టించుకుని వెళ్ళిపోవచ్చు, ఆ లెక్క ఇక్కడ వెయ్యకండి. ఈసారి ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి ఎంతమందో, నీచు తింటారో లేదో చెప్పండి, పన్నెండున్నరకల్లా కూర్చోండి. స్టార్టర్స్ ఏమున్నాయని మాత్రం అడక్కండి నాయనా, ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, మాకవే స్టార్టర్స్. చాలు అనిపిస్తే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టండి, నోటితో అంటే మావాళ్ళు మొహమాటం అనుకుని ఇంకో గరిటె వేసేస్తారు.

ప్రశ్న: పిన్నీ, నవంబర్లో రాజమండ్రి వైపు వెళ్ళినప్పుడు ఓ హోటల్లో పులస పులుసు అని చెప్పి ఒక్కో ముక్కకి బోలెడు డబ్బు తీసుకున్నారు. రుచి మామూలుగానే ఉంది. నిజం పులసేనా?

జవాబు: కాదమ్మా, మోసపోయారు. పులస జులై నించి సెప్టెంబర్ దాకా, అంటే గోదారికి వరదొచ్చి ఎర్రనీళ్ళు సముద్రంలో కలిసే రోజుల్లో. సముద్రంలో ఉన్నప్పుడు అది ఇలసే, గుడ్లు పెట్టడానికి ఆ నీటికి ఎదురీదుకుంటూ నదిలోకి వచ్చాకే పులస అవుతుంది, ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట అడ్డం కాబట్టి దానికి దిగువనే పడతారు. మిగతా రోజుల్లో ఒరిస్సా, బెంగాల్ నించి ఐసులో వచ్చే ఇలసకే పులసని పేరు పెట్టి అమ్మేవాళ్ళు ఉన్నారు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కదా, ఆ సామెత కట్టిందెవరో గానీ పుస్తెలు కట్టించుకున్నవాళ్ళు మాత్రం అయ్యుండరు. సీజన్లో వెళ్ళినా "ఏ రేవులో పడిందండీ" అని ఓ మాట అడగండి, ఇంట్లోవాళ్ళు నడుపుకునే హోటలైతే "లేదండి ఇది ఇలసండి" అని వాళ్ళే చెప్పేస్తారు, రేపు మళ్ళీ మీ మొహం చూడాలి కదా. ఇంకోటి, పులస పులుసు వండిన మర్నాడు బాగుంటుంది, అప్పటికప్పుడు కుండ దింపి పోశామంటే గొప్ప అనుకోకండి. దీపావళి రోజుల్లో వస్తే యానాం వైపు చీరమీను, అంటే సన్న సన్న చేపపిల్లలు, అవి అడగండి, గ్లాసుల లెక్కన అమ్ముతారు, అది వేరే లోకం.

ప్రశ్న: మా టౌన్లో ఓ ఫ్యామిలీ రెస్టారెంట్ బిల్లులో 5% జీఎస్టీ కాక 10% సర్వీస్ ఛార్జ్ కలిపారు. అడిగితే "అందరూ ఇస్తారు సార్" అన్నారు. ఇవ్వాలా అండీ?

జవాబు: అక్కర్లేదు. వినియోగదారుల రక్షణ సంస్థ, అదే సీసీపీఏ, 2022 జులైలో చెప్పింది, సర్వీస్ ఛార్జ్ బిల్లులో వాళ్ళంతట వాళ్ళు కలపకూడదని, దాని మీద హోటళ్ళ సంఘాలు కోర్టుకెళ్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే కరెక్టంది. తియ్యమనండి, తియ్యకపోతే 1915కి ఫోన్ చెయ్యండి. జీఎస్టీ సంగతి వేరు, మామూలు రెస్టారెంట్లో ఏసీ ఉన్నా లేకపోయినా 5%, కానీ చిన్న హోటళ్ళు కొన్ని కాంపోజిషన్ స్కీమ్‌లో, అంటే అమ్మకాల మీద పన్ను వాళ్ళే కట్టుకునే పద్ధతిలో ఉంటాయి, వాళ్ళు మీ దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చెయ్యకూడదు. వడ్డించిన కుర్రాడి చేతిలో ఓ యాభై పెట్టాలనిపిస్తే అది మీ ఇష్టం, నేనైతే పెడతా.

ప్రశ్న: అంబాజీపేట పొట్టిక్కలు ఎన్నింటికి దొరుకుతాయి?

జవాబు: పొద్దున్నే. పొట్టిక్కంటే పనసాకు బుట్టలో ఉడికిన ఇడ్లీయే కదా, ఆ ఆకు వాసన వేడి మీదే ఉంటుంది, లేటుగా వెళ్తే మామూలు ఇడ్లీ తిన్నట్టే.

ప్రశ్న: పిన్నిగారూ, మా ఆడపడుచువాళ్ళకి భీమవరంలో చిన్న హోటల్ ఉంది. మేం వెళ్తే డబ్బులు పుచ్చుకోరు, "మాకు డబ్బులిస్తావా వదినా" అంటుంది. మొహమాటపడి వెళ్ళడం మానేశాం. ఇప్పుడు రావట్లేదని అలిగింది. ఏం చెయ్యను?

జవాబు: గల్లాపెట్టె దగ్గర ఆవిడ కూర్చుని ఉండగా పర్సు తియ్యకు తల్లీ, నలుగురి ముందు పరాయిదాన్ని చేసినట్టుంటుంది. మా పెద్దమ్మ మెస్సుకి ఆచంట నించి ఓ మావయ్య వచ్చేవాడు, ఏనాడూ రూపాయి ఇవ్వలేదు, సైకిల్ వెనక అరిటాకుల కట్ట కట్టుకుని తెచ్చేవాడు, రెండు పూటల వడ్డనకి సరిపోయేవి. పెద్దమ్మ ఆ కట్ట విప్పి ఒక్క చిరుగు ఆకు లేదని మురిసిపోయి ఆయన విస్తట్లో అప్పడం ఎక్కువ వేసేది. మీ పెరట్లో ఏం కాస్తే అది పట్టుకెళ్ళు, కొబ్బరికాయలో, కరివేపాకో, హోటలుకి పనికిరానిదేం ఉండదు. ఆదివారం మాత్రం వద్దు, ఆవేళ బేరం రోజు, మీరు కూర్చున్న బల్లకి వాళ్ళకి నాలుగు భోజనాలు అమ్ముడవుతాయి.