వేలంపాట నిజమే, మరి గదిలో దొరికిన సొమ్ము?

ప్రశ్న: అద్దె కట్టని వారి గదుల తాళాలు కోసి, లోపలి సామానంతా గంపగుత్తగా వేలం వేసే ‘స్టోరేజ్ వార్స్’ అనే అమెరికా కార్యక్రమాన్ని మా ఇంట్లో అందరం ఫోనులో చూస్తుంటాం. చినిగిన పరుపుల కింద ఎప్పుడు చూసినా ఏదో ఒక విలువైన వస్తువు బయటపడుతుంది. ఇది నిజంగా జరిగేదేనా, లేక ముందే తెచ్చిపెట్టి ఆడించే నాటకమా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. వేలం నిజమా అన్నది ఒకటి, గదిలో సొమ్ము నిజమా అన్నది మరొకటి. మొదటిదానికి జవాబు సులువు. మనం షట్టరు అని పిలుచుకునే గదుల వంటివాటిని అమెరికాలో ఇంటి సామాను దాచుకోవడానికి నెలవారీ అద్దెకిస్తారు. అద్దె బకాయి పడితే, చట్టం చెప్పిన నోటీసులిచ్చి గడువు ముగిసిన తరువాత, బకాయి రాబట్టుకునేందుకు ఆ సామానును అమ్మే హక్కు యజమానికి ఉంటుంది. కార్యక్రమంలో కనిపించే కాలిఫోర్నియాలోనూ ఈ చట్టం ఉంది. కాబట్టి ఇటువంటి వేలాలు టీవీ కోసం పుట్టినవి కావు. కొనేవారు గడప దాటకుండా, పెట్టెలు ముట్టుకోకుండా, బయటి నుంచే టార్చిలైటు వేసి కొద్ది నిమిషాలు చూసి పాట పాడాలన్న నియమం కూడా ఉన్నదే.

చిక్కంతా రెండవ ప్రశ్నతోనే. ఏ అండ్ ఈ చానల్‌లో 2010 డిసెంబరులో మొదలైన ఆ కార్యక్రమంలో ‘యప్’ అని గట్టిగా అరిచి పాట పెంచే డేవ్ హెస్టర్‌ను మీరు చూసే ఉంటారు. తనను తొలగించిన తరువాత ఆయన 2012 డిసెంబరులో చానల్ మీద, నిర్మాణ సంస్థ మీద లాస్ ఏంజెలెస్ కోర్టుకు వెళ్లి ఏడున్నర లక్షల డాలర్లకు దావా వేశారు. నిర్మాతలు విలువైన వస్తువులను ముందుగానే గదుల్లో పెట్టిస్తున్నారని, ఒక గదిలోనైతే చెత్త కింద ఏకంగా ఒక కారునే దాచారని, ఈ పద్ధతిని తప్పుపట్టినందుకే తనను పంపించివేశారని ఆయన ఆరోపణ. చెత్త కింద ఉంగరమో గడియారమో దొరికిందంటే నమ్మవచ్చు గాని, కారు దొరికిందంటే మన లంకెబిందెల కథలు కూడా సిగ్గుపడాలి.

ఈ దావాలో ఆయన 1960 నాటి ఒక అమెరికా చట్టాన్ని కూడా ముందుకు తెచ్చారు. దాని వెనుక పెద్ద కథే ఉంది. 1950ల చివరలో ‘ట్వంటీ వన్’ అనే క్విజ్ కార్యక్రమంలో పోటీదారులకు జవాబులు ముందే చెప్పారన్న సంగతి బయటపడింది. అందులో గెలిచి దేశమంతటా పేరు తెచ్చుకున్న అధ్యాపకుడు చార్ల్స్ వాన్ డోరెన్, 1959లో అమెరికా కాంగ్రెస్ సభ్యుల ఎదుట తన తప్పు ఒప్పుకున్నారు. ఆ మరుసటి ఏడాదే, తెలివి, నైపుణ్యం లేదా అదృష్టం మీద ఆధారపడే పోటీలలో ప్రేక్షకులను మోసగించే ఉద్దేశంతో రహస్యంగా ఫలితం మార్చడాన్ని నేరంగా చేశారు. అయితే తమ కార్యక్రమం ఆ చట్టం చెప్పే పోటీల కిందికి రాదని, కార్యక్రమాన్ని ఎలా రూపొందించాలన్నది భావప్రకటనా స్వేచ్ఛ పరిధిలోనిదని చానల్ వాదించింది. 2013 మార్చిలో న్యాయమూర్తి ఆ స్వేచ్ఛ వాదనను అంగీకరించి, వ్యాపార మోసానికి సంబంధించిన భాగాన్ని కొట్టివేశారు. అన్యాయంగా తొలగించారన్న భాగం మాత్రం కొనసాగి, 2014లో రాజీతో ముగిసింది. హెస్టర్ మళ్లీ అదే కార్యక్రమంలోకి వచ్చి ‘యప్’ అన్నారు.

అంటే గదుల్లో వస్తువులు పెట్టారా లేదా అన్న అసలు సంగతిని ఏ న్యాయస్థానమూ తేల్చలేదు. దావాలో ఒక భాగాన్ని కొట్టివేశారు గనుక అంతా నిజమేననడం ఎంత తొందరపాటో, దావా వేశారు గనుక అంతా బూటకమేననడం కూడా అంతే తొందరపాటు. నా మట్టుకు నాకు, వేలం చట్టపరంగా అసలైనదనీ, తెర మీద దొరికే సొమ్మును మాత్రం అనుమానించి చూడవలసిందేననీ అనిపిస్తుంది.

ఆ అనుమానానికి దొంగచాటుగా వస్తువులు పెట్టవలసిన అవసరం కూడా లేదు. మన ఎనుమాముల మార్కెట్‌నే తీసుకోండి. మిర్చి కొనే వ్యాపారి బస్తా మూతి విప్పి, లోపలికి చెయ్యి పెట్టి పిడికెడు కాయలు తీసి, రంగు చూసి, ఒక కాయ విరిచి తేమ పట్టి చూస్తాడు. ఆ తరువాతే ధర పలుకుతుంది. జెండా పాటలో మేలైన సరుకుకు పలికిన ధర మరునాటి పత్రికలో వస్తుంది గాని, యార్డులో ఉన్న ప్రతి బస్తాకూ ఆ ధర రాదని ఇక్కడి రైతుకు వేరే చెప్పనక్కర లేదు. టీవీలో మనకు కనిపించేది కూడా అటువంటి జెండా పాటే. పనికిరాని పాత బట్టలు, విరిగిన కుర్చీలు నిండిన గదులను పక్కన పెట్టి, ఏదైనా దొరికిన గదినే కత్తిరించి అతికించి చూపిస్తే చాలు, ఒక్క అబద్ధమూ ఆడకుండానే ప్రతి గదిలోనూ నిధి ఉందన్న భ్రమ కలుగుతుంది. ఈసారి చూసేటప్పుడు ఒకటి గమనించండి. పెట్టె మూత లేస్తున్న క్షణంలో, తీస్తున్నవారి ముఖం పెట్టె లోపలి నుంచి చూసినట్టు కనబడితే, కెమెరాను అందులో పెట్టడానికి ఎవరో ఒకరు ఆ పెట్టెను అంతకుముందే తెరిచారన్నమాట.

ప్రశ్న: అదే కార్యక్రమం చివర తెర మీద చూపే లాభాల లెక్కనైనా నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఆ అంకెలు చాలావరకు అంచనాలే, అమ్మగా చేతికి వచ్చిన డబ్బు కాదు. మీ వైపు పూత మీదనే మామిడి తోటను గుత్తకు పట్టేవారు కాపు ఎంత నిలుస్తుందని లెక్క వేసేటప్పుడు కాపలా, కోత కూలి, బండి కిరాయి ముందే తీసివేసుకుంటారు గదా. ఇక్కడ వస్తువుకు చెప్పిన విలువలో నుంచి వేలంలో పెట్టిన సొమ్మును మాత్రమే తీసివేసి, మిగిలినదాన్ని లాభమంటారు. లారీ కిరాయి, కూలీలు, అమ్ముడుపోయే దాకా సామాను ఉంచే చోటికి అద్దె ఆ లెక్కలోకి రావు. గదిలో మిగిలిన చెత్తను డంపింగ్ యార్డులో పారబోయడానికి కూడా అక్కడ డబ్బు కట్టవలసిందే.