నా నోటుబుక్కు, నీ టోకెన్లు

చిన్నీ,

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇది బ్లాక్‌చెయిన్ అట, అందులో పాటలు పెట్టి అమ్ముతుందట. ఉద్యోగం సంగతి అడిగితే నవ్వుతోంది. నువ్వైనా చెప్పు" అంది. దానికి ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను గానీ ఆ రాత్రి నాకే నిద్ర పట్టలేదు. సగం భయం. మిగతా సగం ఏంటో చెప్తే నువ్వు నెత్తినెక్కి కూర్చుంటావు కాబట్టి చెప్పను.

వాట్సాప్‌లో పెడితే పై రెండు లైన్లు చదివి బొటనవేలు బొమ్మ పంపేస్తావని కాగితం మీద రాస్తున్నాను. రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్‌పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్‌పోస్టులోనే వస్తుంది. సంతకం పెట్టి తీసుకో.

నాతో పనిచేసిన హెడ్ క్లర్కుగారి అబ్బాయి బెంగళూరు నుంచి వస్తే రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి అన్నీ అడిగాను. గ్యాస్ ఫీజు అంటే బ్లాక్‌చెయిన్‌లో పద్దు ఎక్కించినందుకు కట్టే రుసుమట, నేను సిలిండరు అనుకున్నానని వాడు ఊరంతా చెప్పాడులే. ముప్పై రెండేళ్లు పోస్టాఫీసులో సేవింగ్స్ లెడ్జర్లు రాసినవాణ్ణి కాబట్టి అసలు సంగతి తొందరగానే అర్థమైంది. మా లెడ్జరు ఒక్కటే ఉండేది, బీరువాలో. మీ లెడ్జరు, అదే ఆ బ్లాక్‌చెయిన్, దాని కాపీలు వేల మంది దగ్గర ఉంటాయి. ఒకడు కొట్టేసి దిద్దినా మిగతా కాపీలు ఒప్పుకోవు. ఏ టోకెన్, అంటే నీ పాట కొన్నవాడికిచ్చే డిజిటల్ రసీదు, ఎప్పుడు, ఎంతకి, ఎవరి చేతికి వెళ్లిందో అందులో పడిపోతుంది. అభిమాని డబ్బు సూటిగా నీకే వస్తుంది. 1993లో ఇలాంటిది ఒకటి ఉండుంటే అని కూడా అనిపించింది. ఆ కథకి తర్వాత వస్తాను.

నీ కోపం నాకు తెలియనిది కాదు. నలభై వేల సార్లు విన్న పాటకి వచ్చిన డబ్బులు ఒక పూట రిహార్సల్ హాలు అద్దెకి చాలలేదని నువ్వే చెప్పావు. 2024 నుంచి స్పాటిఫై అనే పాటల యాప్‌లో ఏడాదికి వెయ్యి సార్లయినా వినని పాటకి అసలు పైసా రాదట. నీ నాట్ల పాట ఆ లెక్కలోనే పోయిందన్నావు. (అది మీ అమ్మమ్మ పాడింది, గుర్తుందిగా? టోకెన్ మీద ఆవిడ పేరు లేకపోతే ఈ ఇంటికి రావద్దు.)

మామూలు జాగ్రత్తలు గబగబా చెప్పేస్తా. వాలెట్ (టోకెన్లు, డబ్బు ఉంచుకునే ఆన్‌లైన్ సంచీ) మెయిల్ అడిగితే కొత్త ఐడీ పెట్టుకో. ఫీజు తక్కువుండే చెయిన్ చూసుకో, పాలిగాన్ అనే చెయిన్ మనవాళ్లు పెట్టిందేనట. తబలా అబ్బాయితో, పాట రాసిన అమ్మాయితో ఎవరికెంతో ముందే కాగితం మీద రాసుకోండి, స్నేహితులమే కదా అనుకోవద్దు. టోకెన్ కొన్నంత మాత్రాన పాట హక్కు కొన్నవాడికి పోదని అమ్మేచోటే స్పష్టంగా రాయి. మన చట్టంలో కాపీరైటు రాతపూర్వకంగా ఇస్తేనే చేతులు మారుతుంది. ఒక ఆడిటర్ని కలువు. 2022 ఏప్రిల్ నుంచి ఈ టోకెన్ల లాభం మీద 30 శాతం పన్ను, పైన సెస్సు. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసెయ్యనివ్వరు, ఒకదాంట్లో వచ్చిన నష్టం ఇంకోదాంట్లో సర్దుకోనివ్వరు. 1 శాతం టీడీఎస్ వేరే. స్టూడియో ఖర్చులు నీ విషయంలో ఏ లెక్కలోకి వస్తాయో అమ్మకముందే అడుగు, అమ్మాక కాదు.

పాట ఫైలు ఎక్కడుంటుందో కూడా చూసుకో. లెడ్జర్లో ఉండేది మామూలుగా పాట కాదు, పాట ఫలానా చోట ఉందని చెప్పే చీటీ. ఆ ఫలానా చోటు మూతపడితే చీటీ మిగులుతుంది, పాట మిగలదు. అమెరికాలో కోచెల్లా అని పెద్ద సంగీతోత్సవం ఉంది కదా, 2022 ఫిబ్రవరిలో పది జీవితకాల పాసుల్ని టోకెన్లుగా వేలం వేస్తే దాదాపు 15 లక్షల డాలర్లు వచ్చాయట. వాటిని ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజిలో పెట్టారు. ఆ నవంబర్లో ఎఫ్‌టీఎక్స్ దివాలా తీసింది. జీవితకాలం అన్నది తొమ్మిది నెలలకే ఇరుకునపడింది. అందుకని మాస్టర్ కాపీలు రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టి, ఒకటి ఇక్కడికి పంపు. బీరువాలో పెడతాను.

ఇక వాలెట్‌కి తాళంచెవిలా ఇచ్చే ఆ పన్నెండు మాటలు. పాస్‌బుక్కు పోయిందని ఎవరైనా ఏడుస్తూ వస్తే మేం అర్జీ రాయించుకుని, సాక్షిని తెమ్మని, నాలుగు రోజులు తిప్పినా సరే డూప్లికేటు ఇచ్చేవాళ్లం. నీ వాలెట్‌కి పోస్టాఫీసు లేదు. ఆ మాటలు పోతే డబ్బు పోయినట్టే, అవి తెలిసినవాడిదే డబ్బు. ఫోన్లో ఫోటో తీసి పెట్టకు. కస్టమర్ కేర్ అని ఎవడడిగినా చెప్పకు. మీ అమ్మకి కూడా చెప్పకు, అది కంగారులో ఎవరికైనా చెప్పేస్తుంది.

టోకెన్ చేతులు మారిన ప్రతిసారీ నీకు పది శాతం వస్తుందని కూడా లెక్క వేశావట. అది లెక్కలోంచి తీసెయ్. ఆ పది శాతం ఎంతో టోకెన్‌లో రాసుంటుంది గానీ, వసూలు చేసి ఇవ్వాల్సింది అమ్మకం జరిగే చోటు. టోకెన్లు అమ్మే సైట్లలో ఓపెన్‌సీ అంతటిది 2023 ఆగస్టులో ఇక తప్పనిసరిగా వసూలు చెయ్యం, అమ్మేవాళ్ల ఇష్టం అనేసింది. వస్తే మిఠాయి కొనుక్కో, ఇంటి అద్దెకి దాన్ని నమ్ముకోకు.

ఇప్పుడు అసలు విషయం. నాకు నిద్ర పట్టనిది దీనికే.

రెండొందల టోకెన్లు, ఒక్కోటి 1500, కొన్నవాళ్లకి స్ట్రీమింగ్ ఆదాయంలో 20 శాతం వాటా. ఇదేగా నీ ప్లాను? మీ అమ్మ చదివి వినిపించింది. నాస్ అనే అమెరికా ర్యాపర్ 2022 జనవరిలో తన రెండు పాటల రాయల్టీలో వాటాలు ఇలాగే అమ్మాడని నువ్వు దానికి చెప్పావట. నాస్‌కి లాయర్లున్నారు తల్లీ. నీకు నేనున్నాను.

1993లో నేను కూడా వాటాలు అమ్మాను. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

అప్పటికి నాకు నాటకాల్లో హార్మోనిస్టుగా కొంచెం పేరుంది. సొంతంగా ఎనిమిది పాటలు కట్టుకున్నాను, పడవ పాటలు, కోతల పాటలు. విజయవాడలో ఒక ఆడియో కంపెనీ ఆయన, మాస్టర్ రికార్డింగు నువ్వే చేయించుకుని తెస్తే క్యాసెట్ నేను వేస్తానన్నాడు. స్టూడియోకి, వాయించేవాళ్లకి కలిపి పద్నాలుగు వేలు కావాలి. ఊళ్లో మనిషికి యాభై చొప్పున అడిగాను. క్యాసెట్ ఒకటి ఇస్తాను, వచ్చిన లాభంలో ప్రతి సంక్రాంతికీ వాటా ఇస్తానని రామాలయం అరుగు మీద నిలబడి మైకులో చెప్పాను. 187 మంది ఇచ్చారు. 9,350 రూపాయలు. పేర్లన్నీ రెండొందల పేజీల నోటుబుక్కులో వరస నంబర్లు వేసి రాశాను, పోస్టాఫీసు గుమస్తాని కదా. తక్కువ పడినదానికి మీ అత్తయ్య గాజులు తాకట్టు పెట్టాను.

చెరువు గట్టు మీద ఎండుచేపలు అమ్మే పెద్దమ్మ ఒకావిడ ఉండేది. ఆవిడ నంబరు 112. యాభై రూపాయలూ రూపాయి, రెండు రూపాయల బిళ్లల్లో తెచ్చి, కొంగు ముడి విప్పి నా బల్ల మీద పోసింది. ఆ బిళ్లలకి నాలుగు రోజులపాటు చేపల వాసన పోలేదు.

ఒక్క రాత్రిలో ఎనిమిది పాటలూ రికార్డు చేశాం. మర్నాడు కంపెనీ ఆయన స్టాంపు పేపరు ముందు పెట్టాడు. అందులో పన్నెండు వేలు అన్న అంకె చూశాను. దాని కింద ఏముందో చూడలేదు, బస్సుకి టైమైంది. సర్వహక్కులూ శాశ్వతంగా అని ఉందని ఏడాది తర్వాత ఎవరో చదివి చెప్తే తెలిసింది. ఇప్పుడైతే 2012 చట్టసవరణ పుణ్యమా అని పాట రాసినవాడు, స్వరం కట్టినవాడు తమ రాయల్టీ వాటాని సంతకం పెట్టి వదులుకుందామన్నా చెల్లదు. అప్పుడు ఆ దిక్కు లేదు.

కంపెనీ మోసం చేసిందని ముప్పై ఏళ్లుగా అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. అది సగం కథే. మిగతా సగం నీకు చెప్తున్నాను.

ఆ పన్నెండు వేలలో గాజులు విడిపించాను. వాయించినవాళ్ల బాకీలు తీర్చాను. నాలుగు వేల చిల్లర మిగిలింది. పంచితే మనిషికి ఇరవై పైచిలుకు వచ్చేది. ఇంత చిన్న మొత్తం ఏం పంచుతాంలే, తర్వాత ఇంకా వస్తుందిగా అనుకుని తెనాలి వెళ్లి ఒక హార్మోనియం కొన్నాను. మన హాల్లో కిటికీ పక్కనుంది చూడు, అదే. నువ్వు కాళ్లు అందక పీట వేసుకుని సరిగమలు నేర్చుకుంది దాని మీదే.

తర్వాత ఇంకేం రాలేదు. పాటలు మాత్రం తిరిగాయి. తిరునాళ్ల మైకుల్లో, ట్రాక్టర్ల మీద, పెళ్లి వ్యాన్లలో ఎక్కడ చూసినా అవే. ఊళ్లో అందరూ నాకు లక్షలొస్తున్నాయనుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. పెద్దమ్మ ఒక్కతే, నేను సైకిల్ మీద గట్టు దాటుతుంటే, "ఏం నాయనా, నా యాభై పిల్లల్ని పెట్టిందా?" అని నవ్వేది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగేది. మొదటి ఏడాది నవ్వాను. తర్వాత చెరువు చుట్టూ తిరిగి, కాలవ పక్క దారిన ఆఫీసుకి వెళ్లడం మొదలుపెట్టాను. కిలోమీటరున్నర ఎక్కువ. ఆరేళ్లు అలా తొక్కాను. ఆవిడ పోయిందని కూడా నాకు దినం అయ్యాకే తెలిసింది.

ఒక తుఫానుకి పెంకులు కారి నోటుబుక్కు తడిసింది. ఇంకు పెన్నుతో రాశాను, పేర్లన్నీ ఒకదాంట్లోకి ఒకటి కారిపోయి నీలం మరకలయ్యాయి. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ రోజు నాకు కాస్త తేలికగా అనిపించింది. నీ నోటుబుక్కు తడవదు చిన్నీ. ఆ రెండొందల మందికీ నువ్వు ఇస్తానన్నది ఎప్పటికీ అందులోనే ఉంటుంది.

కాబట్టి వాటా అనే మాట తీసెయ్. లాభంలో వాటా అన్నావంటే నువ్వు పాట అమ్ముతున్నట్టు కాదు, పెట్టుబడి సేకరిస్తున్నట్టు, అది సెబీ (పెట్టుబడుల మీద నిఘా ఉంచే సంస్థ) దాకా వెళ్లే వ్యవహారం అవ్వొచ్చని హెడ్ క్లర్కుగారి అబ్బాయి అన్నాడు. రేటు పెరుగుతుంది, ముందు కొన్నవాళ్లకి లాభం అని ఎక్కడా అనకు. నీ బ్యాండు కుర్రాళ్లు ఉత్సాహంలో అంటారు, వాళ్ల నోళ్లు కూడా కట్టెయ్. నీ చేత్తో నువ్వు ఇవ్వగలిగింది అమ్ము. అందరికంటే వారం ముందు పాట. పాట చివర పేరు. రిహార్సల్లో కూర్చోనివ్వడం. డల్లాస్‌లో ఉన్న మన పిల్లలు కొంటే వాళ్ల అమ్మానాన్నలకి ఇక్కడ ఫోన్ చేసి ఒక పాట పాడు, అంతకంటే ఏం కావాలి వాళ్లకి. రెండొందలు కాదు, ముందు నలభై పెట్టు. ఆ నలభై మందికీ ఇస్తానన్నవన్నీ ఇచ్చాక మిగతావాటి సంగతి చూడు. నెలకోసారి ఏం జరుగుతోందో వాళ్లకి రాయి. డబ్బు రాకపోతే రాలేదని రాయి. నేను గట్టు మీద సైకిల్ ఆపి ఆ ఒక్క ముక్క చెప్పుంటే ఆవిడ ఏమనేదో నాకు తెలుసు. "పోన్లే, పాట బాగుంది" అనేది.

ఉద్యోగం మానొద్దని చెప్పమంది మీ అమ్మ. చెప్పాను అని చెప్పు.

నీ కొత్త పాట విన్నాను. రెండో చరణంలో గొంతు పైకి వెళ్లేచోట ఊపిరి చాలట్లేదు, పొద్దున్నే సాధకం మానేశావని తెలిసిపోతోంది. మిగతాది... మీ అత్తయ్య వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. నేనూ లేచి కట్టెయ్యలేదు.

టోకెన్లు పెట్టిన రోజు నాకూ ఒకటి ఉంచు. ఎలా కొనాలో నాకు రాదు, మనియార్డరు పంపుతాను.

మీ మామయ్య

తా.క. ఆ పన్నెండు మాటలు కాగితం మీద రాసేటప్పుడు జెల్ పెన్ను వాడకు, తడిస్తే కారిపోతుంది. బాల్ పెన్నుతో గట్టిగా నొక్కి రాయి. కవర్లో ఒకటి పెట్టాను, నీలం రంగుది.