పోలరైజ్డ్ అద్దాల్లోంచి ఫోన్ నల్లగా కనబడితే అది లోపం కాదు

పర్లాకిమిడి నుంచి అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది. రెండు వేల రూపాయల పైన పెట్టి పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసెస్ కొన్నారు. అవి పెట్టుకుని ఫోన్ అడ్డంగా తిప్పితే స్క్రీన్ నల్లబడిపోతోంది, రోడ్డు మీద ముందు వెళ్లే కార్ల వెనకద్దాల మీద మచ్చలు కనిపిస్తున్నాయి, షాపువాళ్లేమో మార్చం అంటున్నారు, ఇది లోపమా కాదా? పనిలో పనిగా, పవర్ కళ్లజోడు మీద ఆ పచ్చటి మెరుపు ఏమిటని కూడా అడిగారు.

లోపం కాదండీ, ఆ రెండూ జరిగాయంటే మీకు అసలైన సరుకే ఇచ్చారు. నేను బరంపురంలో కళ్లజోళ్ల షాపులో పద్దెనిమిదేళ్లుగా పని చేస్తున్నాను. ఇదే టెన్షన్‌తో అద్దాలు వెనక్కి తెచ్చినవాళ్లను చాలామందినే చూశాను. కారణం తెలిస్తే మీరే ఇంట్లో పరీక్ష చేసుకోవచ్చు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

గోపాల్‌పూర్ నుంచి ఒక పెద్దాయన మా షాపుకు వచ్చేవారు. అక్కడ సముద్రం మీద వేటకు వెళ్లేవాళ్లలో చాలామంది తెలుగువాళ్లే, ఒడియావాళ్లు నోలియాలంటారు. తెల్లవారుజామున వెళ్లి ఎండెక్కాక ఒడ్డుకు వచ్చేసరికి ఆయన కళ్లు నిప్పులు పోసినట్టు మండేవట. మొదట నేను ఆయనకిచ్చింది బాగా నల్లగా ఉన్న మామూలు కూలింగ్ గ్లాస్. వారం తిరక్కుండా పట్టుకొచ్చి కౌంటర్ మీద పెట్టి, "అంతా మబ్బేసినట్టు చీకటైపోనాది గానీ బాబూ, నీటి మీద మెరుపు అలాగే కళ్లలో గుచ్చుతోంది" అన్నారు. ఆయన మాటలో అక్షరం తప్పు లేదు. నల్లద్దం అన్నిటినీ ఒకే పాళ్లలో తగ్గిస్తుంది. పడవ, వల, నీళ్లు, మెరుపు అన్నీ కలిసి మసకబారుతాయి తప్ప, మెరుపు మిగతా వాటికంటే ఎంత ఎక్కువగా ఉందో ఆ తేడా అలాగే ఉండిపోతుంది.

మెరుపును ఒక్కదాన్నే పట్టుకుని తీసేయాలంటే దానికి వేరే గుర్తేదైనా ఉండాలి కదా, ఆ గుర్తే పోలరైజేషన్. కాంతి తరంగం ముందుకు పోతూ, పోయే దారికి అడ్డంగా ఊగుతుంది. సూర్యుడి నుంచి నేరుగా వచ్చే వెలుగులో ఆ ఊగడానికి ఒక దిక్కంటూ ఉండదు, నిలువు, అడ్డం, ఏటవాలు అన్నీ కలగాపులగంగా ఉంటాయి. అదే వెలుగు నీటి మీద పడి పైకి లేచేటప్పుడు మాత్రం అడ్డంగా ఊగే పాలు ఎక్కువ తిరిగి వస్తుంది, మిగతాది చాలావరకు నీళ్లలోకి దిగిపోతుంది. నీటి మట్టానికి 37 డిగ్రీల కోణంలో చూస్తే తిరిగొచ్చే వెలుగు దాదాపు మొత్తం అడ్డంగా ఊగేదే. ఈ కోణం లెక్కను స్కాట్లండ్ శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ 1815లో తేల్చాడు, అందుకే దాన్ని బ్రూస్టర్ కోణం అంటారు. (పుస్తకాల్లో 53 డిగ్రీలని ఉంటుంది, అది నీటికి నిట్టనిలువుగా గీసిన గీత నుంచి కొలిచింది, రెండూ ఒకటే.) ఆయన కంటే ముందే, 1808లో, మాల్యూస్ అనే ఫ్రెంచి ఇంజనీరు పారిస్‌లో తన గదిలోంచి లగ్జెంబర్గ్ భవనం కిటికీ అద్దాల మీద సాయంత్రపు ఎండ మెరుస్తుంటే ఒక స్ఫటికంలోంచి చూశాడు. ఆ స్ఫటికం ప్రతి వస్తువునూ రెండుగా చూపిస్తుంది. దాన్ని తిప్పుతూ ఉంటే ఆ మెరుపు తాలూకు రెండు బొమ్మల్లో ఒకటి వెలవెలబోయి, ఇంకా తిప్పితే రెండోది వెలవెలబోయింది. మీరు ఫోన్ తిప్పుతూ చూసింది సరిగ్గా ఆ రకమే.

ఇప్పుడు మీ అద్దంలో ఏముందో చూడండి. లోపల ఒక పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. పాలీవినైల్ ఆల్కహాల్ అనే పదార్థాన్ని వేడి చేసి ఒకే వైపు బాగా సాగదీస్తే దానిలోని పొడవాటి అణువుల గొలుసులన్నీ మగ్గం మీద పడుగు నూలులా ఒకే దిక్కుకు సర్దుకుంటాయి, వాటికి అయోడిన్ పట్టిస్తారు. ఇక్కడే చాలామంది, యూట్యూబ్‌లో చెప్పేవాళ్లు కూడా, పొరపాటు పడతారు. కటకటాల సందులోంచి తాడు ఊపినట్టు, గొలుసుల వెంట ఊగే కాంతి దూరిపోతుందని చెబుతారు. జరిగేది తలకిందులు. గొలుసు పొడవునా ఊగే కాంతి ఆ గొలుసులోని ఎలక్ట్రాన్లను అటూ ఇటూ పరిగెత్తించి తన శక్తినంతా అక్కడే వేడిగా పోగొట్టుకుంటుంది. గొలుసుకు అడ్డంగా ఊగే కాంతికి ఆ అవకాశం లేదు, కాబట్టి అది బయటపడుతుంది. కూలింగ్ గ్లాసుల్లో ఈ గొలుసులను పడుకోబెట్టి అమరుస్తారు. నీటి మీద నుంచి, తడి రోడ్డు మీద నుంచి, ముందు కారు బానెట్ మీద నుంచి వచ్చే అడ్డపు మెరుపు వాటిలో ఇంకిపోతుంది, నిలువుగా ఊగే వెలుగు మన కంటికి చేరుతుంది.

పెద్దాయనకు రెండోసారి పోలరైజ్డ్ అద్దాలు ఇచ్చి, పక్కనే స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి గుమ్మంలో పెట్టి చూడమన్నాను. ఆయన పళ్లెం అడుగున ఉన్న గీతలు చూసి మాట్లాడలేదు. తలను నెమ్మదిగా కుడి భుజం మీదకు వాల్చారు, మెరుపు వచ్చింది. నిటారుగా పెట్టారు, పోయింది. అలా ఐదారుసార్లు చేశారు. అద్దం ఎప్పుడైనా పరీక్షించాలంటే అంతకంటే మంచి పద్ధతి నాకు ఇప్పటికీ తెలియదు. 30 డిగ్రీలు వాలిస్తే ఆ మెరుపులో నాలుగో వంతు లోపలికి వచ్చేస్తుంది, 45 డిగ్రీలు వాలిస్తే సగం, పూర్తిగా పక్కకు వాలిస్తే మొత్తం. ఈ లెక్క కూడా మాల్యూస్‌దే. తర్వాత నెలలో వచ్చినప్పుడు ఆయన, ఒడ్డు దగ్గర నీళ్లు పచ్చగా లోపలిదాకా కనబడుతున్నాయని, చేపల గుంపు కదిలితే తెలుస్తోందని చెప్పారు. పొద్దు వాలిపోయే వేళ మాత్రం మెరుపు పెద్దగా తగ్గడం లేదన్నారు. అదీ నిజమే, సూర్యుడు సముద్రానికి తాకేంత కిందికి దిగితే వెలుగు నీటి మీద జారినట్టు వస్తుంది, అప్పుడు అన్ని దిక్కుల ఊపులూ తిరిగొస్తాయి, ఏ కంపెనీ అద్దమైనా దాన్ని పూర్తిగా ఆపలేదు.

ఆ పెద్దాయన చూసిన పచ్చదనం వెనక మన సి.వి. రామన్ గారి కథ ఉంది. ఆయన బాల్యం విశాఖపట్నంలోనే గడిచింది, వాళ్ల నాన్నగారు అక్కడి ఏ.వి.ఎన్. కాలేజీలో పాఠాలు చెప్పేవారు. 1921లో ఇంగ్లండ్ నుంచి నార్కుండా అనే ఓడలో తిరిగి వస్తూ ఆయన సముద్రాన్ని ఒక నికోల్ పట్టకంలోంచి చూశారు. అదీ పోలరైజరే, కాకపోతే స్ఫటికంతో చేసింది. సముద్రం నీలం అంతా ఆకాశం నీడే అని అప్పటిదాకా ఇంగ్లండ్ శాస్త్రవేత్త ర్యాలీ చెప్పిన మాట చెలామణిలో ఉంది. బ్రూస్టర్ కోణంలో పట్టకాన్ని తిప్పి పైనుంచి వచ్చే ప్రతిబింబాన్ని తీసేస్తే ఆ నీలం కూడా పోవాలి కదా. పోలేదు, ఇంకా చిక్కబడింది. అంటే రంగు నీటి లోపలి నుంచే, నీటి అణువులు వెలుగును వెదజల్లడం వల్లే వస్తోందని తేల్చారు. జేబులో పట్టే స్ఫటికం ముక్కతో ఓడ డెక్ మీద నిలబడి చేసిన పని అది. మీ రెండు వేల అద్దాలతో గోపాల్‌పూర్ ఒడ్డున మీరూ చేయొచ్చు, పిల్లలుంటే తప్పకుండా చూపించండి.

ఇక ఫోన్ సంగతి. ఎల్‌సీడీ స్క్రీన్ పనిచేసేదే రెండు పోలరైజర్ పొరల మధ్య, కాబట్టి దాన్నుంచి వచ్చే వెలుగు ముందే ఒక దిక్కుకు కట్టుబడి ఉంటుంది. ఆ దిక్కు మీ అద్దం గొలుసులతో కలిసిందా, నలుపే. కొన్ని ఫోన్లకు కంపెనీవాళ్లు పైన ఇంకో పొర వేసి ఈ ఇబ్బంది లేకుండా చేస్తారు, అందువల్ల ఫోన్ నల్లబడకపోయినంత మాత్రాన అద్దాలు నకిలీవని తేల్చేయకండి. ఇంకో స్క్రీన్ మీద, నీటి మీద కూడా చూడాలి.

కారు వెనకద్దం మీద మచ్చలు నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం. ఆ అద్దాన్ని గట్టిపరచడానికి ఎర్రగా కాల్చి, వరసగా ఉన్న గొట్టాల్లోంచి చల్లగాలి కొడతారు. గాలి తగిలిన చోట ఒకలా, మధ్యలో ఇంకోలా బిగువు గాజులో ఉండిపోతుంది. ఆకాశం నుంచి వచ్చే వెలుగు, ముఖ్యంగా సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఉన్న భాగం నుంచి వచ్చేది, అప్పటికే కొంత పోలరైజ్ అయి ఉంటుంది. అది బిగువున్న గాజులో దూరగానే ఒకదానికొకటి లంబంగా ఊగే రెండు పాయలుగా చీలుతుంది, ఒక పాయ ఇంకో దానికంటే కొంచెం వెనకబడి బయటికి వస్తుంది. ఇప్పుడు మామూలు కంటికి మచ్చలు ఎందుకు కనబడవు? లంబంగా ఊగే రెండు తరంగాలు ఒకదాన్నొకటి పెంచుకోలేవు, చంపుకోలేవు, దీన్ని ఫ్రెనెల్, అరాగో అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు 1819లో ప్రకటించారు. మీ కూలింగ్ గ్లాస్ చేసే పనల్లా ఆ రెండు పాయల్లోంచీ ఒకే దిక్కులో ఉన్న ముక్కను తీసి పక్కపక్కన నిలబెట్టడమే. ఒక దిక్కులోకి రాగానే అవి కలిసిన చోట వెలుగు, కొట్టుకున్న చోట చీకటి. అంటే ఆ మచ్చలు మీ అద్దం తెచ్చినవి కావు, కారు తయారైన రోజు నుంచీ అక్కడే ఉన్నాయి. ఇంట్లో చూడాలంటే ల్యాప్‌టాప్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి, దాని ముందు పిల్లల జామెట్రీ బాక్సులోని ప్లాస్టిక్ కోణమానిని పట్టుకుని అద్దాల్లోంచి చూడండి. ప్లాస్టిక్‌లో ఇంద్రధనుస్సు చారలు వస్తాయి. ఒక్కో రంగు తరంగం పొడవు ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఎరుపు చచ్చిన చోట నీలం బతుకుతుంది.

మీ పవర్ అద్దం మీది పచ్చదనమూ ఇలా తరంగాలు కొట్టుకోగా మిగిలిందే, కాకపోతే అక్కడ పోలరైజేషన్ పాత్ర లేదు. పూత లేని అద్దం ఒక్కో వైపు నుంచి 4 శాతం వెలుగును వెనక్కి కొడుతుంది, రెండు వైపులా కలిపి సుమారు 8. దాని మీద పల్చటి పూత వేస్తే పూత పైనుంచి ఒకటి, కింద అద్దం నుంచి ఒకటి, రెండు ప్రతిబింబాలు వస్తాయి. మెగ్నీషియం ఫ్లోరైడ్ పూతైతే 100 నానోమీటర్ల మందం, అంటే వెంట్రుక మందంలో కొన్ని వందల వంతు, ఉంటే ఆ రెండూ ఎదురెదురై చాలావరకు రద్దవుతాయి, ఆ వెలుగు వృథా కాకుండా అద్దం దాటి కంటికే వెళుతుంది. ఇప్పటి కళ్లద్దాలకు చాలా పొరలు వేస్తారు, ఆ పొరల లెక్కలో చివరికి మిగిలిన కొద్దిపాటి మెరుపు రంగే మీకు కనబడే పచ్చ. దాన్ని పాచి అనుకుని సబ్బుపొడితో తోమి పూతంతా గీకేసి తెచ్చినవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి.

నకిలీలు లేవా అంటే ఉన్నాయి. ఒకసారి మాకు సరుకు వేసే ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర్నుంచి పెట్టె వచ్చింది, ప్రతి జత మీదా పోలరైజ్డ్ అని స్టిక్కర్. స్టిక్కర్ నమ్మి ఆరు జతలు అమ్మేశాను. తర్వాత ఒకరోజు రెండు జతలు చేతిలోకి తీసుకుని ఒకదాని వెనక ఒకటి పెట్టి తిప్పితే ఎంత తిప్పినా నలుపు రాలేదు. ఉత్త రంగద్దాలు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, మర్నాడు ఫోన్ నంబర్లు ఉన్న నలుగురినీ పిలిచి మార్చి ఇచ్చాం, మిగతా ఇద్దరు దొరకలేదు. అప్పటి నుంచి పెట్టె విప్పగానే ప్రతి జతనూ అడ్డంగా నిలువుగా పెట్టి చూడనిదే అరలోకి ఎక్కించను. మీరూ షాపులో అదే అడగండి, ఇంకో జత ఇమ్మని ఒకటి 90 డిగ్రీలు తిప్పి చూడండి, చీకటి పడాలి.

ఇంకో పరీక్ష కూడా చేయండి, ఇది పోలరైజేషన్‌కు సంబంధం లేనిది. అద్దాన్ని చేయి చాపినంత దూరంలో పట్టుకుని దాంట్లోంచి తలుపు నిలువు గీతను చూస్తూ అద్దాన్ని పక్కలకు జరపండి. పవర్ లేని అద్దమైతే గీత కదలకూడదు. అద్దంతో పాటే జరిగితే మైనస్, ఎదురు జరిగితే ప్లస్ పవర్ దొంగతనంగా ఉన్నట్టు. పొరను సరిగ్గా అతకని చవక అద్దాల్లో గీత మధ్యలో వంకర పోతుంది, తలనొప్పికి కారణం అదే అవుతుంది. యూవీ (కంటికి కనబడని అతినీలలోహిత కిరణాల) రక్షణ వేరే సంగతి, బిల్లు మీద విడిగా రాయించుకోండి. యూవీ ఆపని నల్లద్దం వెనక కంటిపాప ఇంకా విచ్చుకుని ఆ కిరణాలను ఎక్కువ లోపలికి రానిస్తుంది కాబట్టి అది అద్దం లేకపోవడం కంటే చెరుపు. రాత్రి బండి నడిపేటప్పుడు ఇవి పెట్టుకోవద్దు, గ్రహణం వీటితో అస్సలు చూడొద్దు.

మీకు మహేంద్రతనయ నది దగ్గరే కాబట్టి పొద్దున ఎండ వచ్చాక నీళ్లు నిలకడగా ఉన్న చోటికి వెళ్లండి. కన్ను నీటికి ఐదడుగుల ఎత్తులో ఉంటే ఆరున్నర అడుగుల అవతల నీటిని చూడండి, 37 డిగ్రీల కోణం అక్కడే వస్తుంది. తల నిటారుగా ఉన్నప్పుడు అడుగున రాళ్లు కనబడి, భుజం మీదకు వాల్చగానే ఆకాశం మెరుపు కమ్మేస్తే అద్దాలు ఉంచేసుకోండి. ఎటు వాల్చినా తేడా లేకపోతే మాత్రం బిల్లు పట్టుకుని షాపుకు వెళ్లండి, ఈ పరీక్ష వాళ్ల ముందే ఇంకోసారి చేసి చూపించండి.