చంద్రగిరి తోటలో పెట్టె దాచబోయే చిన్నోడికి

చిరంజీవి చిన్నోడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాన్ మొత్తం చదివాను. నీ మొదటి జియోకాష్, అంటే జీపీఎస్ చూసుకుంటూ ఇతరులు వెతికి పట్టుకునే దాచిన పెట్టె, మన చంద్రగిరి కోటలో పెట్టాలనిపించినందుకు చాలా సంతోషం. 2000 మే 3న అమెరికాలోని ఒరెగాన్‌లో ఒకాయన అడవిలో బకెట్ దాచిపెట్టి, అది ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలు ప్రకటించడంతో ఈ ఆట మొదలైంది. చరిత్ర ఉన్న ఊళ్లకు ఇంతకన్నా మంచి ఆట లేదు. కానీ రాజమహల్ ముందు తోటలో, పాత రాళ్ల సందులో డబ్బా పెడతానన్నావే, అది మాత్రం వద్దు.

నువ్వు జాగ్రత్తగానే పెడతావు, నాకు తెలుసు. వెతికేవాళ్ల సంగతి ఆలోచించు. ఫోన్‌లో జీపీఎస్ ఆరుబయట కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. ఆ మేరలో ఉన్న ప్రతి సందులోనూ వేళ్లు దూరుస్తారు, కాస్త కదిలిన రాయిని లాగి చూస్తారు. రాజమహల్‌ని కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. అక్కడి పాత గోడల దగ్గర నిలబడి చూడు, సున్నం వదులైన చోట గోరు తగిలితే చాలు, పొడి రాలుతుంది. అలా పదిమంది వెతికితే ఏం మిగులుతుంది? పైగా అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. అనుమతి లేకుండా ఏదీ పెట్టకూడదు. తవ్వి పాతిపెట్టడం ఈ ఆట నియమాల్లోనే లేదు.

అందుకే పెట్టెను కోట బయట పెట్టు, ప్రశ్నలు కోట లోపల పెట్టు. తోటలో తిరిగి జవాబులు వెతికి, ఆ అంకెలను లెక్కలో వేసుకుంటేనే పెట్టె ఉన్న చోటు తెలియాలి. రాజమహల్‌కి మూడు అంతస్తులు, రాణీమహల్‌కి రెండు, ఇలాంటివి ఇంట్లో కూర్చునే ఫోన్‌లో చూసేస్తారు, కాబట్టి అడగొద్దు. ఫలానా చోట నిలబడితే ముందు వైపు ఎన్ని తోరణాలు కనబడతాయి, మెట్లు ఎన్ని, అలాంటివి అడుగు. బోర్డు మీది అంకెలను నమ్ముకోకు. రేపు రంగు వేసి బోర్డు మారిస్తే నీ ఆట అక్కడే ఆగిపోతుంది.

ఆట వెబ్‌సైట్‌లో నీ పెట్టె గురించి పెట్టే వివరణలో చరిత్ర రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త. 1639లో మద్రాసు కోటకు స్థలం ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లింది. ఆ స్థలం కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకి ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆ నాయకుడు చంద్రగిరి రాయల, అంటే విజయనగర రాజుల, కింద ఉన్నవాడు. ఇంతవరకు ధైర్యంగా రాయి. ‘రాజమహల్‌లోని ఈ హాల్లోనే ఆ పత్రం మీద సంతకం జరిగింది’ అని చెప్పేవాళ్లు ఉంటారు, దాన్ని మాత్రం ‘అంటారు’ అనే రాయి. చెన్నై నుంచి వచ్చే పిల్లలు ఆ మాట చదివి, తమ ఊరి పుట్టుకకూ ఈ కొండకూ సంబంధం ఉందని తెలుసుకుని కాసేపు ఆగి చూస్తారు. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

ఇక అంకెల సంగతి. ఈ ఆటలో డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో మూడు దశాంశాలు రాస్తారు. చివరి అంకె ఒకటి తప్పితే దాదాపు 1.8 మీటర్ల తేడా, పరవాలేదు. మొదటి దశాంశం తప్పితే 180 మీటర్లు దాటుతుంది, మనిషి ఇంకో వీధిలో వెతుకుతాడు. చెట్ల కిందా ఎత్తైన గోడల పక్కనా సిగ్నల్ తప్పుదారి పట్టిస్తుంది. ఫోన్ పట్టుకుని కదలకుండా కాసేపు నిలబడు, అంకెలు కుదురుకున్నాక రాసుకో. వేరే రోజున మళ్లీ వెళ్లి చూసి, రెండింటి సగటు తీసుకో. వేరే కాష్ ఏదైనా 161 మీటర్లలోపు ఉంటే ఆట వెబ్‌సైట్ వాళ్లు నీది ఒప్పుకోరు, అది ముందే చూసుకో.

పెట్టెకి చోటు ఎక్కడంటే, కోట దారిలో టీ కొట్టు ఆయననో ఇంటాయననో అడిగి, వాళ్ల ప్రహరీ లోపల పెట్టు. వచ్చినవాళ్లు అక్కడో టీ తాగుతారు, ఆయనకీ ఆనందమే. డబ్బా మాత్రం పారదర్శకంగా ఉండాలి. మనది యాత్రికుల ఊరు, ఎవరిదో తెలియని మూసిన పెట్టె కనబడితే పోలీసులకు ఫోన్ వెళ్తుంది, తప్పు కూడా కాదు. బస్టాండు, రైల్వే స్టేషన్, గుడి పరిసరాలు అసలు ఆలోచించకు. డబ్బా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ఇది ఆట పెట్టె అని, నీ ఫోన్ నంబరుతో రాసి అంటించు. లోపల చిన్న నోట్‌బుక్, పెన్సిల్, రెండింటికీ జిప్ కవర్. పెన్ను వద్దు, నవంబరు వానలకి సిరా పాకిపోతుంది. చాక్లెట్లు, బిస్కెట్లు పెట్టావంటే కోతులు రెండో రోజే డబ్బాను చీల్చేస్తాయి.

తిరుమల కొండ మీద కూడా ఒకటి పెట్టాలని రాశావు. అక్కడ డబ్బా వద్దు. శిలాతోరణం దగ్గర ఎర్త్‌కాష్ పెట్టొచ్చు, దానికి పెట్టె అవసరమే లేదు. దాదాపు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న ఆ రాతి ద్వారాన్ని చూసి, రాయి పొరల గురించి ప్రశ్నకు జవాబు రాయాలి. దానికీ అనుమతి అడగాలి. శేషాచలం అడవిలోకి మాత్రం ఫోన్ పట్టుకుని సాయంత్రం పూట పోకండి. అక్కడ ఎర్రచందనం దొంగల కోసం కాపలా ఉంటుంది, మీరు ఎందుకు వచ్చారో ఎవరు నమ్ముతారు?

చివరగా ఒకటి అడుగుతాను. వచ్చే ఏడు నువ్వు ఉద్యోగానికి బెంగళూరు పోతే ఈ పెట్టెను ఎవరు చూసుకుంటారు? నోట్‌బుక్ తడిస్తే మార్చాలి, పెట్టె పోతే కొత్తది పెట్టాలి. ఊళ్లోనే ఉండే స్నేహితుడు ఒకడు ఒప్పుకున్నాకే మొదలుపెట్టు. ఎవరూ లేకపోతే నేనున్నాను, కానీ ముందు వాళ్లని అడుగు.

శనివారం పొద్దున నేను చంద్రగిరి వస్తాను. శుక్రవారం వద్దు, మ్యూజియం మూసి ఉంటుంది. నువ్వు అనుకున్న ప్రశ్నలు కాగితం మీద రాసుకుని రా, అక్కడే తిరుగుతూ ఒక్కొక్కటీ సరిచూద్దాం. ఫోన్ ఛార్జి నిండా పెట్టుకో, టోపీ మరిచిపోకు.

పెద్దమ్మ,
తిరుపతి