ఇక ఓడిపోయారనుకున్న రిలే: చివరి 50 మీటర్లలో జరిగింది

క్రికెట్ కాకుండా వేరే ఏ ఆటలోనైనా, ఇక ఓడిపోయారు అనుకున్నాక గెలిచిన జట్టును చూసి ఒళ్ళు జలదరించిందా, అసలు ఈత పోటీల్లో అలాంటి టెన్షన్ ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. నేను చూసిన వాటిలో దాన్ని మించింది ఏ ఆటలోనూ లేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్, పురుషుల 4×100 మీటర్ల ఫ్రీస్టైల్ రిలే ఫైనల్. జట్టులో నలుగురు, ఒకరి తర్వాత ఒకరు వంద మీటర్ల చొప్పున ఈదే పోటీ అది. ఆగస్టు 11, సోమవారం. ఆ తేదీ మనవాళ్ళలో చాలామందికి అభినవ్ బింద్రా వల్ల గుర్తుంటుంది. వ్యక్తిగత విభాగంలో మన దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం ఆ రోజే వచ్చింది. ఈ రిలే కూడా అదే పొద్దున జరిగింది.

మామూలుగా ఒలింపిక్స్‌లో ఈత ఫైనల్స్ సాయంత్రం పెడతారు. బీజింగ్‌లో మాత్రం అమెరికాలో జనం రాత్రి టీవీల ముందు కూర్చునే వేళకు సరిపోయేలా పొద్దునపూట పెట్టారు. అందుకే మనకది టిఫిన్ల టైమ్‌కు వచ్చింది. అప్పుడు నేను కావలిలో మా మామ వాళ్ళింట్లో ఉండి ఇంటర్ చదువుతున్నాను. మామది సముద్రపక్క పల్లె. బకింగ్‌హాం కాలువలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పందేలు కట్టి ఈదిన మనిషి. నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి బావిలోకి దించి నాకు ఈత నేర్పింది కూడా ఆయనే. దూరదర్శన్‌లో ఈత వస్తోందంటే చాలు, ఇంట్లో ఎవరూ చానల్ మార్చడానికి లేదు.

ఆ పోటీ ఎందుకంత పెద్దదో ముందు చెప్పాలి. 2000 వరకూ ఒలింపిక్స్‌లో ఈ రిలేలో అమెరికా ఓడిందే లేదు. సిడ్నీలో ఆస్ట్రేలియా ఓడించింది. 2004 ఏథెన్స్‌లో దక్షిణాఫ్రికా గెలిస్తే అమెరికా మూడో స్థానంతో సరిపెట్టుకుంది. ఆ రెండు ఓటముల్లోనూ జట్టులో ఉన్నవాడు జేసన్ లెజాక్. బీజింగ్ నాటికి అతనికి 32 ఏళ్ళు. కోచ్ కూడా లేకుండా తన సాధన తనే చేసుకునేవాడు. అదే జట్టులోని మైకేల్ ఫెల్ప్స్ ఆ ఒలింపిక్స్‌లో ఎనిమిది స్వర్ణాలు గెలవాలని దిగాడు. ఆ లెక్కలో ఇది రెండోది. ఇది పోతే ఆ లెక్క అక్కడే ఆగిపోతుంది. అటు ఫ్రాన్స్ తరఫున చివర్లో దిగేది అలాన్ బెర్నార్డ్. ఆ పొద్దున పోటీ మొదలయ్యేటప్పటికి 100 మీటర్ల ఫ్రీస్టైల్ ప్రపంచ రికార్డు అతనిదే. అమెరికావాళ్ళను చిత్తు చేయడానికే వచ్చామని అతను ముందే అన్నాడు కూడా.

మొదటి వంద మీటర్లు ఫెల్ప్స్ 47.51 సెకన్లలో పూర్తి చేశాడు. అమెరికా జాతీయ రికార్డు అది. అయినా ముందున్నది అతను కాదు, ఆస్ట్రేలియా ఈతగాడు ఈమన్ సల్లివన్. అతను 47.24లో గోడ తాకి బెర్నార్డ్ ప్రపంచ రికార్డును అక్కడికక్కడే లాగేసుకున్నాడు. రెండోవాడు గారెట్ వెబర్-గేల్ 47.02 ఈది అమెరికాను ముందుకు తెచ్చాడు. ఈ పోటీ గురించి మాట్లాడేటప్పుడు వెబర్-గేల్ పేరు ఎవరూ ఎత్తరు. నాకది చాలా అన్యాయం అనిపిస్తుంది. ఆ వంద మీటర్లు అతను ఇంకో పదో వంతు సెకను నెమ్మదిగా ఈది ఉంటే, తర్వాత ఎవరేం చేసినా ఉపయోగం ఉండేది కాదు.

మూడోవాడు కల్లెన్ జోన్స్. అతని పక్క లేన్‌లో ఫ్రాన్స్ నుంచి ఫ్రెడరిక్ బూస్కే దిగాడు. బూస్కే 46.63. జోన్స్ 47.65. సుమారు సెకను తేడా. అమెరికా చేతిలో ఉన్న ఆధిక్యం పోవడమే కాదు, ఫ్రాన్స్ 0.59 సెకను ముందుకు వెళ్ళిపోయింది.

ఇక్కడ జోన్స్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. అతను అయిదేళ్ళప్పుడు ఒక వాటర్ పార్కులో మునిగిపోయి చావు దాకా వెళ్ళి వచ్చాడు. ఆ తర్వాతే వాళ్ళమ్మ ఈత నేర్పించింది. ఒలింపిక్స్ తర్వాత అమెరికా అంతా తిరిగి, ముఖ్యంగా ఈత రాని నల్లజాతి పిల్లలకు ఈత నేర్పించే పని పెట్టుకున్నాడు. సముద్రం, కాలువలు, చెరువులు ఉన్న మా నెల్లూరు, ప్రకాశం వైపు వేసవి సెలవులు వచ్చాయంటే పిల్లలు మునిగిపోయారన్న వార్త వింటూనే ఉంటాం. అందుకే ఆ వంద మీటర్లలో వెనకబడినవాడిగా జోన్స్‌ను చూడటానికి నా మనసు ఒప్పదు. నీళ్ళలో చావబోయిన పిల్లవాడు పెరిగి ఒలింపిక్ ఫైనల్లో ఈదుతున్నాడు. మా మామకు అప్పట్లో ఈ సంగతి తెలియదు. తెలిసి ఉంటే ఇంకా గట్టిగా అరిచేవాడు.

రిలేలో ఒక రూలు ఉంది. ముందువాడి చెయ్యి గోడకు తగిలే దాకా తర్వాతివాడి కాలివేళ్ళు దిమ్మె మీద నుంచి లేవకూడదు. కానీ ఒళ్ళు ముందుకు వంగి ఊపు తీసుకోవచ్చు, చేతులు తిప్పొచ్చు. ముందువాడు ఇంకా గోడ తాకకముందే తర్వాతివాడు గాల్లోకి వాలిపోతున్నట్టు కనిపిస్తాడు. కాలివేళ్ళు మాత్రమే ఆని ఉంటాయి. అది కాస్త ముందే లేచిందా, నలుగురి కష్టమూ రద్దు. ఈ ఊపు వల్ల ఒంటరి పోటీ కన్నా రిలేలో అర సెకను, ఒక్కోసారి ఇంకొంచెం కలిసొస్తుంది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, దీంతో పని ఉంది.

బెర్నార్డ్ దూకాడు. వెనకాల లెజాక్ దూకాడు. మొదటి 50 మీటర్లలో బెర్నార్డ్ ఇంకా దూరం జరిగాడు. బెర్నార్డ్ 21.27, లెజాక్ 21.50. అంటే గోడ దగ్గర తిరిగేసరికి తేడా 0.82 సెకను అయింది. వాళ్ళ వేగానికి అది దాదాపు ఒక మనిషి పొడవు. టీవీలో చూసేవాళ్ళకు లెక్కలు అక్కర్లేదు, ఇద్దరి మధ్య ఖాళీ నీళ్ళు కనిపిస్తాయి. అమెరికా ప్రసారంలో వ్యాఖ్యాతలు కూడా అప్పటికి వెండి పతకం గురించే మాట్లాడుతున్నారు. మా ఇంట్లోనూ అంతే. “ఇంకేముందిరా అబ్బయ్యా, ఫ్రాన్సోళ్ళు కొట్టేసినట్టే” అన్నాడు మామ. కాలేజీకి టైమవుతోందని అత్త లోపల్నుంచి కేకేస్తోంది.

ఈత పోటీ ప్రత్యేకత ఇక్కడే ఉంది. క్రికెట్‌లో ఓవర్‌కు ఎన్ని కావాలో స్క్రీన్ మీద రాసి ఉంటుంది, నోబాల్ పడొచ్చు, క్యాచ్ జారొచ్చు. ఈతలో అలాంటివేవీ లేవు. ఎదుటివాడు పడిపోడు, అంపైర్ ఏదీ మార్చడు, వాన వచ్చి ఆపదు. ముందున్నవాడు ప్రపంచంలోకెల్లా వేగంగా ఈదేవాళ్ళలో ఒకడు. మిగిలింది ఒక్క 50 మీటర్లు. వెనకున్నవాడు గెలవాలంటే ముందున్నవాడి కన్నా వేగంగా ఈదడం తప్ప వేరే దారి లేదు. మన మనసు ఆ లెక్క వేసుకుని, సరేలే అని ఓటమిని ఒప్పేసుకుంటుంది. ఒప్పుకున్న తర్వాత ఆ లెక్క కళ్ళ ముందే తప్పిపోతుంటే వచ్చే పులకరింత వేరు. గెలుస్తామని ఆశపడుతూ గెలిచిన మ్యాచ్‌లో అది రాదు.

ముందుగా కనిపెట్టింది మామే. “రేయ్, వాడు తాడుకు ఆనుకొని వస్తా ఉండాడు చూడు” అన్నాడు. నిజంగానే లెజాక్ తన లేన్ మధ్యలో లేడు. బెర్నార్డ్ వైపు, రెండు లేన్‌ల మధ్య కట్టిన తాడుకు దగ్గరగా జరిగి, ముందువాడు రేపిన అల తనను ముందుకు లాగే చోట ఈదుతున్నాడు. ముందు వెళ్ళేవాడి పక్కన, కాస్త వెనకగా ఈదితే నీటి అడ్డు తగ్గుతుంది. కాలువలో పందేలు కట్టినవాళ్ళకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంకో పాతిక మీటర్లు ఉందనగా మామ లేచి నిలబడ్డాడు. “ముందోడికి చేతులు బరువెక్కినాయిరా. వస్తా ఉండాడు, వస్తా ఉండాడు!” బెర్నార్డ్ చేతులు మొదటి 50 మీటర్లలో సాగినట్టు సాగడం లేదు. మొదట్లో అంత వేగంగా వెళ్ళిన దానికి ఇప్పుడు మూల్యం చెల్లిస్తున్నాడు. లెజాక్ తల బెర్నార్డ్ నడుము దగ్గరికి, తర్వాత భుజం దగ్గరికి వచ్చింది. అత్త కూడా గరిటె పట్టుకుని హాల్లోకి వచ్చేసింది.

ఇద్దరూ గోడ తాకడం ఒకేసారి జరిగినట్టే కనిపించింది. ఎవరు గెలిచారో కంటికి తెలియదు. గోడకున్న పలకలు చేతి తాకిడిని పట్టి టైమ్ చెబుతాయి. స్క్రీన్ మీద అమెరికా పక్కన 1 అని పడింది. 3 నిమిషాల 8.24 సెకన్లు. ఫ్రాన్స్ 3:08.32. తేడా 0.08. దూరంలో చెప్పాలంటే జానెడు కూడా లేదు. ఒడ్డు మీద ఫెల్ప్స్ నోరంతా తెరిచి, కండరాలు బిగించి అరుస్తున్న ఫోటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. అది అప్పటిదే. ఎనిమిది స్వర్ణాలు సాధించినవాడు ఆ వారమంతా తన సొంత గెలుపులకు కూడా అంతగా అరిచినట్టు నాకు గుర్తులేదు.

చివరి 50 మీటర్లు లెజాక్ 24.56లో, బెర్నార్డ్ 25.46లో ఈదారు. ఆ ఒక్క 50 మీటర్లలోనే లెజాక్ 0.90 సెకను లాక్కున్నాడు. మొత్తం వంద మీటర్లకు లెజాక్ టైమ్ 46.06. అప్పటిదాకా రిలేలో ఎవరూ అంత వేగంగా ఈదలేదు. ఇందాక చెప్పిన లెక్క ఇప్పుడు వేసి చూడండి. అదే ఒలింపిక్స్‌లో, కొద్ది రోజులకే జరిగిన ఒంటరి 100 మీటర్ల ఫైనల్లో లెజాక్ 47.67తో కాంస్యం పంచుకున్నాడు. రిలే ఊపు వల్ల వచ్చే అర సెకనుకు పైమాటను తీసేసినా, ఇంకా దాదాపు సెకను మిగులుతుంది. ఆ సెకను ఎక్కడి నుంచి వచ్చింది? కొంత బెర్నార్డ్ అల. కొంత అప్పటి కొత్త రకం ఈతదుస్తులు అనొచ్చు, కానీ అవి ఒంటరి ఫైనల్లోనూ ఉన్నాయి. మిగతాదానికి నా దగ్గరున్న జవాబు ఒక్కటే. రెండుసార్లు ఓడిన జట్టులో ఉన్న మనిషి, తన వెనక ఈదడానికి ఇంకెవరూ లేరని తెలిసి, తనొక్కడి కోసం ఎప్పుడూ ఈదనంతగా ఈదాడు. ఇలాంటివి మనుషులు సాధారణంగా పక్కవాళ్ళ కోసమే చేయగలరు.

ఆ పోటీలో వేగం ఎంతలా ఉందంటే, ముందురోజు హీట్స్‌లో, అంటే ఫైనల్‌కు ఎవరు వెళ్ళాలో తేల్చే పోటీల్లో, అమెరికా పెట్టిన కొత్త ప్రపంచ రికార్డును ఫైనల్లో ఏకంగా అయిదు జట్లు దాటాయి. అందులో రెండు జట్లకు పతకమే రాలేదు.

బెర్నార్డ్‌ను చిన్నబుచ్చేలా రాసేవాళ్ళంటే నాకు నచ్చదు. అతను ఆ రోజు 46.73 ఈదాడు. ఆ ఓటమి తర్వాత తలదించుకుని ఇంటికి వెళ్ళలేదు. అదే వారంలో ఒంటరి 100 మీటర్లలో 47.21తో స్వర్ణం గెలిచాడు. అంత దెబ్బ తిన్నాక మూడు రోజుల్లో తేరుకుని ఒలింపిక్ ఛాంపియన్ కావడం నా దృష్టిలో ఇంకో గొప్ప గెలుపు.

ఫ్రాన్స్ బాకీ కూడా తీరింది. 2012 లండన్‌లో ఇదే రిలే, ఇవే రెండు దేశాలు. ఈసారి చివరి వంద మీటర్లకు అమెరికా అర సెకనుకు పైగా ముందుంది, దిగింది రయాన్ లోక్టీ. వెనక నుంచి యానిక్ ఆన్యెల్ వచ్చి దాటేసి ఫ్రాన్స్‌ను గెలిపించాడు. బీజింగ్‌లో ఓడిన నలుగురిలో అమోరి లవో, ఫాబియన్ జిలో ఆ జట్టులో ఉన్నారు. ఈ రెండు వీడియోలనూ ఒకదాని వెనక ఒకటి చూడండి. ఆన్యెల్ చెయ్యి గోడను తాకిన క్షణంలో ఒడ్డు మీదున్న ఫ్రాన్స్ వాళ్ళ ముఖాలు మీకు వేరుగా కనిపిస్తాయి.

ఇక లెజాక్ టైమ్ 16 ఏళ్ళు నిలిచింది. 2024 ఆగస్టు 4న పారిస్‌లో దాన్ని చైనా కుర్రాడు పాన్ జాన్‌లె దాటాడు. అది 4×100 మెడ్లీ రిలే, అంటే నలుగురూ నాలుగు రకాల ఈతలు ఈదేది. 1960లో ఆ పోటీ మొదలైనప్పటి నుంచి పాల్గొన్న ప్రతి ఒలింపిక్స్‌లోనూ పురుషుల విభాగంలో అమెరికాయే గెలిచింది. పాన్ దిగేటప్పటికి చైనా మూడో స్థానంలో ఉంది. ముందు అమెరికా, ఫ్రాన్స్. హాలంతా ఫ్రాన్స్ జనమే. పాన్ 45.92లో ఈది ఇద్దరినీ దాటేశాడు. అప్పటికి నేను ఒంగోలులో ఉద్యోగంలో ఉన్నాను. మామకు ఫోన్ చేస్తే, ఆయన కూడా కావలిలో అదే చూస్తూ కూర్చున్నాడు. “ఇదా, అదా?” అని అడిగాను. “అదే” అన్నాడు, ఆలోచించకుండా.

నాకూ అదే. పాన్ గొప్పతనం తక్కువని కాదు. కానీ అతను అప్పటికే 46.40తో ఒంటరి వంద మీటర్ల ప్రపంచ రికార్డు ఉన్నవాడు. అతను నీళ్ళలోకి దూకగానే, ఇతను వచ్చేస్తాడేమో అని చూసేవాళ్ళకు ఒక ఆశ ఉంటుంది. బీజింగ్‌లో అలాంటి ఆశ పెట్టుకోదగ్గ పేరు ముందున్నవాడిది. దాటినవాడిది కాదు.