పేకముక్కలు, బార్బరా హెక్

ప్రశ్న: అమెరికాలో మెథడిస్టు సంఘానికి బార్బరా హెక్ తల్లివంటివారని, ఆమె పేకముక్కలను నిప్పులో వేయడంతోనే ఆ సంఘం మొదలైందని ఒక ఉపన్యాసంలో విన్నాను. ఇది చరిత్రా, కట్టుకథా? – ఒక పాఠకురాలు

జవాబు: రెండూ కలగలిసి ఉన్నాయి. జర్మనీ నుంచి ఐర్లండుకు శరణార్థులుగా వచ్చి లిమెరిక్ ప్రాంతంలో స్థిరపడిన పాలటైన్ కుటుంబాలలో ఒకదానిలో బార్బరా 1734లో జన్మించారు. ప్రొటెస్టంటు క్రైస్తవంలో మెథడిస్టు ఉద్యమాన్ని ప్రారంభించిన జాన్ వెస్లీ ఆ పల్లెలకు వెళ్లి బోధించేవారు. 1760లో ఆమె, భర్త పాల్ హెక్, బంధువు ఫిలిప్ ఎంబరీ న్యూయార్కుకు వలస వెళ్లారు. వడ్రంగి అయిన ఎంబరీ ఐర్లండులో వాక్యం చెప్పినవారే గాని, కొత్త ఊళ్లో ఆ పని మానుకున్నారు.

1766లో తనవారు పేకాడుతుండగా చూసిన బార్బరా ముక్కలన్నీ ఊడ్చి నిప్పులో వేసి, నేరుగా ఎంబరీ ఇంటికి వెళ్లి, మీరు బోధించకపోతే మా ఆత్మల లెక్క దేవుడు మిమ్మల్నే అడుగుతాడని హెచ్చరించారని చెబుతారు. ఆటలో ఎంబరీ కూడా ఉన్నారని కొందరు, లేరని కొందరు అంటారు కనుక, ఈ ఘట్టాన్ని అక్షరాలా నమ్మనక్కరలేదు. నా దృష్టిలో అసలు విషయం ఆ తర్వాత జరిగింది. వినేవాళ్లు ఎవరున్నారని ఎంబరీ వెనుకాడితే, బార్బరాయే మనుషులను పోగుచేశారు. ఎంబరీ ఇంట్లో కూడిన ఆ తొలి గుప్పెడుమందిలో బెట్టీ అనే నల్లజాతి పనిమనిషి కూడా ఉన్నారు. కథ చెప్పేవాళ్లు ఆమె పేరు వదిలేస్తుంటారు. అది న్యాయం కాదు.

సంఘం పెరిగి జాన్ స్ట్రీట్‌లో మందిరం కట్టినప్పుడు ప్రసంగవేదికను ఎంబరీ తన చేతులతోనే చేశారని, గోడలకు సున్నం వేసినవారిలో బార్బరా ఉన్నారని సంప్రదాయం చెబుతుంది. 1768 అక్టోబరు 30న ఎంబరీ అందులో తొలి ప్రసంగం చేశారు. వెస్లీ తన బోధకులను పంపింది ఆ మరుసటి ఏడాది, అంటే మందిరం లేచిన తర్వాతే. అయితే మేరీలాండులో రాబర్ట్ స్ట్రాబ్రిడ్జ్ ఇంకా ముందే బోధన ప్రారంభించారన్న వాదనకు బలముంది. అందువల్ల అమెరికా మెథడిజమంతా ఆ నిప్పులోంచే పుట్టిందనడం అతిశయోక్తి.

అమెరికా విప్లవంలో బ్రిటిషు రాజు పక్షాన నిలిచిన హెక్ కుటుంబం చివరికి కెనడా చేరింది. అక్కడ అగస్టాలో ఏర్పడిన మెథడిస్టు బృందంలోనూ ఆమె ఉన్నారు, దానికి నాయకుడు ఎంబరీ కుమారుడు సామ్యూల్. 1804లో మరణించేవరకు ఆమె ఆ ప్రాంతంలోనే నివసించారు.