చేతిలో ఫోన్ ఉన్నా నేను గ్రంథాలయానికే ఎందుకు వెళ్లానంటే

“అందరి దగ్గరా ఫోన్లున్నాయి, డేటా చవక. ఇంకా ప్రభుత్వ గ్రంథాలయాల్లో కంప్యూటర్లు, ఇంటర్నెట్ ఎందుకండీ?” అని ఒకరు నన్ను అడిగారు. డిగ్రీ అయ్యాక రెండేళ్లు జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనే కూర్చుని పోటీ పరీక్షలకు చదివాను. అక్కడ చూసింది చెబుతాను.

అప్పుడు నాకూ ఫోన్ ఉంది. రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చేది. పాఠాల వీడియోలకు అది చాలు. రైల్వే పరీక్ష దగ్గరపడ్డాకే అసలు ఇబ్బంది తెలిసింది. ఆ పరీక్ష కంప్యూటర్ మీద రాయాలి. మౌస్‌తో జవాబు ఎంచుకోవాలి, ఏ ప్రశ్న వదిలేశామో పక్కనున్న రంగు గళ్లలో చూసుకోవాలి, పైన సమయం తరిగిపోతూ ఉంటుంది. నేనప్పటికి మౌస్ పట్టుకున్నది పట్టుమని పది రోజులు కూడా లేదు. మొదటి మాక్ టెస్టులో (నమూనా పరీక్షలో) నాకు చేయడం వచ్చిన లెక్కలే 14 వదిలేశాను, టైం చాలక.

గ్రంథాలయం వెనక గదిలో 4 కంప్యూటర్లుండేవి. రిజిస్టర్లో పేరు రాస్తే మనిషికి గంట. రోజూ ఒక మాక్ టెస్టు రాశాను. నెల తిరిగేసరికి కళ్లు ప్రశ్న మీదుంటే చెయ్యి తన పని తాను చేసుకుపోయేది. ఫోన్లో ఎన్ని టెస్టులు రాసినా ఆ అలవాటు రాదు.

ఇంకొకటి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. మాతో చదివే ఒకమ్మాయి దరఖాస్తు నెట్ సెంటర్లో పెట్టించుకుంది. అక్కడతను తన ఫోన్ నంబరూ, తన మెయిలే ఇచ్చేశాడు. హాల్ టికెట్ వచ్చిందని ఆమెకు తెలియలేదు, తెలిశాక ఓటీపీ కోసం అతని చుట్టూ తిరగాల్సి వచ్చింది. మా గ్రంథాలయాధికారి ఆమెను కూర్చోబెట్టి సొంత మెయిల్ తెరిపించారు. తర్వాతి దరఖాస్తులన్నీ ఆమే నింపుకుంది, పైసా ఖర్చు లేకుండా. పక్కన నిలబడి చూపించే మనిషి ఉన్న చోట నెట్ దొరకడం వేరే సంగతి. 1935లో కృష్ణా డెల్టా కాలవల్లో పడవ మీద ఊరూరికీ పుస్తకాలు తిప్పినవాళ్లు ఇవాళ ఉంటే, ఈ గదుల కోసమే పోరాడేవారని నా నమ్మకం.

ఇది ఎవరో దయతో ఇచ్చేది కూడా కాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమే కడుతున్నాం. మున్సిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసి దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. ఆ జమ ఆగితే ముందు ఆగేది నెట్టే. మా దగ్గర బిల్లు కట్టక నాలుగు నెలలు కనెక్షన్ పోయింది. చదువుకునేవాళ్లం 38 మందిమి సంతకాలు చేసి సంస్థ కార్యాలయంలో అర్జీ ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. మూడు వారాలకు కనెక్షన్ మళ్లీ వచ్చింది. మీ ఊళ్లో కంప్యూటర్లు గుడ్డ కప్పుకుని ఉంటే మీరూ అలాగే రాసివ్వండి, నోటిమాటగా అడిగితే కదలదు.

వెళ్లేవాళ్లకు ఒక్కమాట. పని అయ్యాక మెయిల్ లాగౌట్ చేయండి, డౌన్‌లోడ్స్‌లో మీ ఆధార్ కాపీ, ఫొటో, సంతకం మిగిలిపోకుండా తీసేయండి. మా దగ్గర శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో పొద్దున తలుపు తీసే వేళకే వెళ్తే కంప్యూటర్ దొరికేది, సాయంత్రం అయితే వరుస తప్పదు.